బావగారి వాణి

నకారానికీ ణకారానికీ ఉన్న తేడాను మా ఇంటిల్లిపాదిలో నేనొక్కణ్ణే పట్టించుకుంటాను. అందుకు నాకు జీతం ఇస్తున్నారు గనక తప్పదు. తక్కిన వాళ్ళకు ఆ రెండూ ఒకటే. ఇంతోటి దానికి నాలిక మడత పెట్టడం దండగ అని వాళ్ళ అభిప్రాయం. ఆ నిర్లక్ష్యం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చెబుతాను వినండి. నన్ను రాజమండ్రి నుంచి న్యూయార్కు దాకా తీసుకుపోయింది.

మా పెద్ద బావగారు న్యూయార్కులో ఉంటారు. ఆ ఊరి భూగర్భ రైళ్ళ శాఖలో ముప్ఫయ్యేళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మా పెద్దక్క 2020 ఏప్రిల్లో పోయింది. ఆ నెలలో ఆ ఊరు ఎలా ఉందో లోకమంతా చూసింది. ఇక్కణ్ణించి ఎవరమూ వెళ్ళలేకపోయాం. టెలిఫోను అద్దంలో చూసి ఏడ్చి ఊరుకున్నాం. కొడుకు కాలిఫోర్నియాలో కాపురం. బావగారు ఒక్కరే ఆ ఇంట్లో ఉండిపోయారు. "మేడమీద వాటా ఖాళీగానే ఉంది, వచ్చెయ్యండి" అని అమ్మ ప్రతి పండక్కీ అడుగుతుంది. "చూద్దాం అత్తయ్యగారూ" అని ఆయన ప్రతి పండక్కీ అంటారు.

ఇలా ఉండగా 2023 వేసవిలో తెనాలి నుంచి మా చిన్నక్క ఆయనకు ఫోను చేసింది. ఆయన రొప్పుతూ, మూడేళ్ళుగా లేని హుషారుతో, "ఇప్పుడే వాణి దగ్గర్నించి వస్తున్నా" అన్నారట. పై మంగళవారం మళ్ళీ చేస్తే, "పొద్దుటంతా వాణి దగ్గరే గడిచిపోయింది" అన్నారట. మూడో మంగళవారం చిన్నక్క గుండె చిక్కబట్టుకుని, "వాణి ఎలా ఉంది?" అని అడిగింది. "వానలు పడ్డాయిగా, పచ్చగా నిగనిగలాడిపోతోంది" అన్నారు ఆయన.

అమ్మ రెండు పూటలు భోజనం మానేసింది. మూడో పూట నన్ను పిలిచి, "తప్పని నేననను. అతనికి మాత్రం ఎవరున్నారు? కాని పచ్చగా ఉన్నంత మాత్రాన సరా? ఎవరో, ఏమిటో, ఎక్కడి వాళ్ళో కనుక్కోవద్దూ? నువ్వెళ్ళు" అంది. వెళ్ళడానికి కావలసిన వీసా నా దగ్గర ఉంది. అక్కను చూడడానికి వెడదామని 2019లో తీసుకున్నది, పదేళ్ళు చెల్లేది, ఒక్కసారి కూడా వాడనిది. దసరా సెలవులకు కొంత ఆర్జిత సెలవు అతికించి బయలుదేరాను. వాణి సంగతి తేల్చడం, ఎలాగైనా ఆయన్ని వెంటబెట్టుకు రావడం, ఈ రెండూ అమ్మ నాకు అప్పగించిన పనులు.

ఒకటో నంబరు రైలు 242వ వీధి దగ్గర ఆగిపోతుంది. ఇక ముందుకు పట్టాలు లేవు. ఆ స్టేషనుకు నాలుగడుగుల్లో బావగారి ఇల్లు. మూడు రోజులు ఇల్లంతా కలయజూశాను. ఆడమనిషి ఆనవాలన్నది అక్క ఫోటో తప్ప మరేమీ లేదు. సోమవారం రాత్రి పెరుగన్నం తింటూ ఆయనే ఎత్తారు.

"రేపు వాణి దగ్గరికి వస్తావా? తొమ్మిదిన్నరకి టీ టైము."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారి ఇస్త్రీ లాల్చీ, పంచె తీసి, కండువా భుజాన వేసుకుని హాల్లోకి వచ్చాను. తేనీటి విందుకు తగ్గట్టు ఉండాలి గదా. బావగారు చెరో సంచీ పట్టుకుని నిలబడ్డారు. సంచుల్లోంచి ఇనప కర్రలు బయటికి చూస్తున్నాయి. నన్ను ఎగాదిగా చూసి, "ఆ కండువాతో చెయ్యి పైకెత్తగలవా?" అన్నారు.

ఆయన చెప్పినది ఇదీ. ఇంటి పక్కనున్న ఉద్యానవనం పేరు వాన్ కోర్ట్‌లాండ్ పార్కు. అందులో గోల్ఫు మైదానం ఉంది. ఊరివాళ్ళు దాన్ని ముద్దుగా "వ్యానీ" అంటారు. బావగారి గుంటూరు నాలిక మీద అది "వానీ" అయింది. తెనాలి చేరేసరికి మా చిన్నక్క దానికి ణకారం తగిలించింది. ఇక టీ అంటే ఆట మొదలుపెట్టేటప్పుడు బంతిని నిలబెట్టే చిన్న మేకు. దాన్ని భూమిలో గుచ్చడానికి మనకిచ్చిన వేళే టీ టైము. దారిలో నేను కడుపుబ్బ నవ్వలేదు. ఎందుకు నవ్వడం లేదో ఆయనకు చెప్పనూ లేదు.

గోల్ఫంటే నాకున్న జ్ఞానం గోల్కొండది. నయాఖిల్లాలో ఉన్న ఆ బ్రహ్మాండమైన హాతియాన్ చెట్టును చూడబోయి, దాని చుట్టూ టోపీలవాళ్ళు నడుస్తూంటే దూరాన్నుంచి చూసి వచ్చాను. అది మన బోటివాళ్ళ ఆట కాదనుకున్నాను. ఇక్కడ చూస్తే తలుపు దగ్గర టిక్కెట్టు కొనుక్కున్న ప్రతివాడూ ఆడవచ్చు. మైదానం నగరపాలకులది. ఊళ్ళో కాపురముండేవాళ్ళకు ఖరీదు తగ్గిస్తారు కూడాను. అమెరికాలో ప్రజలందరికీ తెరిచిన గోల్ఫు మైదానాల్లో ఇదే మొదటిది. 1895లో తొమ్మిది గుంటలతో మొదలై, 1899లో పద్దెనిమిది గుంటలైంది. పక్క ఊళ్ళో పెద్దమనుషులకు అంతకుముందే సొంత క్లబ్బు ఉండేది. జనానికి మాత్రం ఇది వచ్చేదాకా లేదు.

నలుగురేసి ఒక జట్టు. మాకు ఇద్దరు తోడయ్యారు. ఒకాయన రిటైరైన పోస్టుమాను, నల్లజాతివాడు, ఆరడుగుల పైన ఉంటాడు. కర్రల సంచీ భుజాన వేసుకుని రైల్లోనే వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాల సంచీ మోసిన భుజం దానికి అలవాటు పడిపోయిందట. రెండో ఆవిడ కొరియా దేశస్థురాలు, డెబ్బయ్యేళ్ళుంటాయి, మాట తక్కువ. ఇద్దరూ నా చేతిలోని చిన్న సంచీ వంక చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ అనలేదు.

ఆ సంచీలో ఏడే కర్రలున్నాయి. పద్నాలుగు దాకా ఉండవచ్చునట. నాకు కాస్త పొట్టి కూడా అయ్యాయి. ఒక కర్ర మొహం మీద గీతల సందుల్లో ఎర్రగా మరకలున్నాయి. తుప్పు కాబోలు అనుకున్నాను.

ఆట గురించి ఎక్కువ చెప్పను. చిన్నప్పుడు బిళ్ళంగోడూ గోళీలూ ఆడినవాళ్ళకు సగం తెలిసినట్టే. బిళ్ళను కొట్టినట్టు దూరం కొట్టాలి, గోళీని దొర్లించినట్టు గుంటలో వెయ్యాలి. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. అక్కడికి చేరేటప్పటికి నాలుగైదు వందల గజాలు నడుస్తాం. ఎన్ని దెబ్బలు పడ్డాయో ఎవరికి వారే లెక్కపెట్టుకోవాలి. నేను మొదటి దెబ్బ కొట్టాను. బంతి ఉన్నచోటనే ఉంది. అరచేయంత గడ్డిపెళ్ళ మాత్రం లేచి పది గజాల అవతల పడింది. కొరియా ఆవిడ వెళ్ళి ఆ పెళ్ళ తెచ్చి, పుండుకు కట్టు కట్టినంత జాగ్రత్తగా దాని గోతిలో దాన్ని పెట్టి, కాలితో అదిమింది. "పది దెబ్బలకు పడకపోతే బంతి తీసి జేబులో వేసుకో. వెనక జనం ఉన్నారు" అన్నారు బావగారు. అలా చాలాసార్లు వేసుకున్నాను.

నిజానికి నా చూపు బంతి మీద లేదు. అక్టోబరు నెలాఖరు. సరస్సు చుట్టూ మేపుల్ చెట్లు నిప్పంటుకున్నట్టున్నాయి. సింధూర వృక్షాలు రాగిరంగుకు తిరిగాయి. గాలి వీచినప్పుడల్లా వందలకొద్దీ ఆకులు ఒక్కసారి కిందికి దిగుతున్నాయి. ఆవలి పక్క పెద్ద రహదారి హోరు కూడా ఆ రాలడం ముందు వినబడలేదు నాకు. ఇంగ్లీషు 'ఆటమ్' అంటే శరదృతువు అని ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. ఆ నిముషాన సిగ్గేసింది. మన శరత్తు అంటే వెన్నెల, తేటపడ్డ ఏటినీళ్ళు, గట్టున రెల్లుపూలు. మన శరత్తులో ఒక్క ఆకు రాలదు. ఆకులు రాల్చేది శిశిరం. అది రావడానికి మనకు మధ్యలో ఇంకో ఋతువు గడవాలి. నెల ఒకటే గాని ఋతువు ఒకటి కాదు. నిఘంటువు వేసినవాళ్ళు ఈ మైదానం మీద ఒక్క పూట నడిచి ఉంటే బాగుండేది.

ఆకుల మూలాన ఆటకు వచ్చే చిక్కు ఒకటుంది. మంచి దెబ్బ కొట్టినా సరే, బంతి వాటి కింద దూరిపోతుంది. వెతకడానికి మూడు నిముషాలే గడువు. 2019కి ముందు ఐదు ఉండేవి, తగ్గించారు. ఆ లోపున దొరకకపోతే బంతి పోయినట్టే. ఒక దెబ్బ జరిమానా కట్టుకుని, కొట్టిన చోటికే తిరిగి వెళ్ళి మళ్ళీ కొట్టాలి. ఆకుల్ని ఒక్కొక్కటే పక్కకు తియ్యవచ్చు గాని, బంతి దొరికాక తీసేటప్పుడు అది కదిలితే మళ్ళీ జరిమానా. అందుకని నలుగురం నాలుగు వైపులా వంగి, పోయిన ఉంగరాన్ని వెతికినట్టు వెతుకుతున్నాం.

చివరి గుంటలు మెట్టమీద ఉన్నాయి. అక్కడ బావగారు కొట్టిన బంతి చెట్ల కిందికి పోయింది. పోస్టుమాను గడియారం చూసుకున్నాడు. బావగారు నా పక్కనే కర్రతో ఆకులు కదుపుతున్నారు. రెండు నిముషాలు దాటింది. ఇక పోయిందనుకుంటూండగా ఎడమ పక్క నుంచి బొంగురు గొంతుతో కేక వినబడింది.

"అదీ...గో!"

నాకు ఒళ్ళు జలదరించింది. తెలుగుమాట విన్నందుకు కాదు. 'ది' మీద అంతసేపు ఆగి, 'గో' దగ్గర టక్కున తెంచే ఆ పలుకు నేనెరుగుదును. దాగుడుమూతల్లో నేను గాదె వెనక దాక్కున్నప్పుడల్లా నన్ను పట్టించిన పలుకు అది. తలెత్తి చూస్తే పోస్టుమాను బంతిని కర్రతో చూపిస్తూ నవ్వుతున్నాడు. అవతల నుంచి కొరియా ఆవిడ కూడా, "అదీగో, అదీగో" అంది.

ఈ మాట మీకెలా తెలుసునని అడిగాను. పోస్టుమాను ఆశ్చర్యపోయాడు. "ఇది మా జట్టు నియమం. బంతి చూసినవాళ్ళు ఆ మాట అనాలి. అనకపోతే దొరికినట్టు కాదు" అన్నాడు.

బావగారు బండి లాగుతూ, నా వంక చూడకుండా చెప్పారు.

"మీ అక్క పెట్టిన నియమం. మేం నలుగురం పన్నెండేళ్ళు ఆడాం. ఆట రాదు దానికి. ఏడు కర్రలకు మించి మొయ్యనంది. కాని బంతి ఎక్కడ పడ్డా కనిపెట్టేది. దసరాకి ఆ కర్రలకు బొట్లు పెట్టేది, ఆయుధపూజట! పైగా వీటి ముందు ఒక కొబ్బరికాయ."

సంచీలో ఉన్న ఆ కర్ర తీసి చూసుకున్నాను. తుప్పు కాదు.

"అది పోయాక ఏడాది ఇటు రాలేదు. 2021 వసంతంలో ఒకనాడు ఈయన వచ్చి మా ఇంటి బెల్లు కొట్టాడు. లోపలికి రాడు, కూర్చోడు. గుమ్మంలోనే నిలబడి, 'మా బంతులన్నీ పోతున్నాయి, ఎవరూ వెతకడం లేదు' అన్నాడు. చొక్కా మార్చుకుని వచ్చాను." కొంచెం దూరం నడిచాక, "ఇక్కడికి ప్యాంటు వేసుకుని వచ్చేది. మీ అమ్మకి చెప్పకు" అన్నారు.

మేడమీద వాటా గురించీ, గోదావరి గాలి గురించీ, అమ్మ ఆరోగ్యం గురించీ మంచి ఉపన్యాసం ఒకటి విమానంలోనే తయారు చేసుకున్నాను. పద్దెనిమిదో గుంట దగ్గర చెబుదామని దాచుకున్నాను. అక్కడికి వెళ్ళేసరికి కొరియా ఆవిడ తన సంచీలోంచి ఒలిచిన పండ్లముక్కలు తీసి నలుగురికీ పంచింది. ఐదో వాటా ఒకటి కాగితంలో చుట్టి బావగారి చేతికిచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నారు. నేను ఉపన్యాసం చెప్పలేదు. లెక్కలు చూసుకున్నాం. బావగారివి తొంభైనాలుగు దెబ్బలు. నావి నూట యాభైఒకటి, జేబులో వేసుకున్నవి పదేసి చొప్పున కలుపుకుని.

ఆ రాత్రి అమ్మ ఫోను చేసింది.

"చూశావట్రా?"

"చూశానమ్మా."

"ఎలా ఉంది?"

"చాలా విశాలంగా ఉంది" అన్నాను. ఆవిడ గాభరా పడేలోగా మొత్తం చెప్పేశాను. ప్యాంటు సంగతి కూడా చెప్పాను. బావగారు క్షమించాలి. అమ్మ ఈ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది, ఎలాగూ దాగేది కాదు.

చాలాసేపు అవతల చప్పుడు లేదు. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను.

"చిన్నప్పుడూ అంతే. మీ నాన్నగారి కళ్ళజోడు ఎక్కడ పెట్టినా అదే తెచ్చిచ్చేది" అంది. మళ్ళీ కాసేపటికి, "రమ్మని అడిగావా అతన్ని?" అంది.

"లేదమ్మా."

"పోనీలే." ఇంకా ఏదో ఆలోచిస్తున్నట్టుంది. "ఒరే, మంచు పడితే అక్కడ ఆట ఉండదు గదా? సంక్రాంతికి వచ్చి వెళ్ళమను."