పట్నం బురద – పల్లె చెల్క

చెల్కకు ఎరువు తోలడం మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. పశువులు తగ్గాయి, పెంట దొరకడం లేదు. 2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం చెప్పులు లైన్లో పెట్టుకున్న దృశ్యాలు చూశాం. ఇట్లాంటప్పుడు మురుగుశుద్ధి కేంద్రంలో ఎండిన బురద చవకగా ట్రాక్టర్ మీద వస్తే నారాయణరావుపేట రైతు వద్దంటాడా? అనడు. అందులో నత్రజని ఉన్నది, భాస్వరం ఉన్నది. మేమూ వద్దనడం లేదు. పరీక్ష కాగితం లేకుండా దించొద్దంటున్నాం.

ఎందుకంటే ఇది పశువుల పెండ కాదు. పట్నం మురుగులో ఇంటి నీళ్లొక్కటే పారవు. ఒకప్పటి మన మెదక్ జిల్లా పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లను శుద్ధి చేశామని చెప్పి, పైపులైను వేసి హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేట కేంద్రానికి పంపిన ఘనత మన పాలకులది. శుద్ధయిన నీరు మూసీలోకి పోతుంది. కాడ్మియం, సీసం, క్రోమియం చాలావరకు బురదలోనే మిగులుతాయి.

అయితే లోహం భూమిలో ఉండడం వేరు, పంటకు అందడం వేరు. సున్నం పాలు ఎక్కువున్న నల్లరేగడి కాడ్మియాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇసుకపాలు ఎక్కువై, కాస్త ఆమ్లగుణమున్న ఎర్రచెల్కకు ఆ పట్టు లేదు. సీసం చాలావరకు మట్టికే అంటుకుంటుంది, కాడ్మియం మాత్రం వేరు నుంచి ఆకుకూరలోకి సులువుగా ఎక్కుతుంది. మొదట్లో బురదలోని సేంద్రియ పదార్థమే లోహాలను కట్టేస్తుంది. మన ఎండలకు ఆ పదార్థం కరిగిపోతుంది, లోహం పోదు.

ఇంగ్లండులోని వోబర్న్‌లో 1942 నుంచి 1961 దాకా మురుగు బురద వేసిన చేలలో దశాబ్దాల తర్వాత కూడా లోహాలు పైమట్టిలోనే ఉన్నాయి. క్లోవర్ గడ్డి వేర్లలో నత్రజని కట్టే బ్యాక్టీరియా అక్కడ దెబ్బతిన్నది. మన కంది, పెసర వేళ్లలో బుడిపెలు కట్టేవీ ఆ కోవకు చెందినవే!

వరి సంగతి మరీ విచిత్రం. మడిలో నీళ్లు నిలిచినంతకాలం కాడ్మియం గంధకంతో కలిసి ముడుచుకొని ఉంటుంది. కోతకు ముందు మడి ఆరబెడితే విడివడి గింజకు చేరుతుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున గని నీళ్లు పారిన పొలాల బియ్యం తిని జనం ఎముకలు విరిగి మంచం పట్టారు. దానికి కారణం కాడ్మియమేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకున్నది.

మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టులో కిలోకు 5 మిల్లీగ్రాముల కాడ్మియం, 100 మిల్లీగ్రాముల సీసం దాటొద్దంటుంది. మరి 2015లో మొదలైన భూసార కార్డులో ఏమున్నది? 12 అంశాలున్నాయి. జింకు ఉన్నది, రాగి ఉన్నది. కాడ్మియం లేదు, సీసం లేదు. చూడని దాన్ని రైతు ఎట్లా పట్టుకోవాలి?

బురద ఏ కేంద్రం నుంచి వచ్చింది, ఎకరాకు ఎన్ని టన్నులు వేయాలి, కాడ్మియం ఎంతున్నది? ఈ మూడూ రాసి అధికారి సంతకం పెట్టిన కాగితం పంచాయతీకి అందేదాకా ట్రాక్టర్ పొలిమేరలోనే ఆగాలి.