మన ఇల్లు: స్నానాల గదికి మట్టమా, వాటమా?

గత సంచికలో వంటింటి గట్టును గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి ఇంట్లో అన్నిటికన్నా చిన్న గదికి వద్దాము. ఇందుకు కారణం స్వానుభవమే. కొన్నేళ్ళ క్రితం మా స్నానాల గదిలో ఎగుడుదిగుడుగా ఉన్న పాత గచ్చు మీదనే కొత్త టైల్స్ పరిపించాను. చూడముచ్చటగానే ఉన్నాయి. కాని ఒక మూల అరచేతి వెడల్పున నీరు నిలిచేది. "తుడుచుకుంటే సరిపోతుంది లెండి" అన్నాడు మేస్త్రీ. నేనూ సరేనన్నాను. రెండు నెలలు తిరగకముందే మా అమ్మగారు అక్కడే కాలు జారి పడ్డారు. మణికట్టు విరిగింది.

పడకగది నేలకు మట్టం కావాలి. స్నానాల గదికి కావలసినది వాటం. నీరు పోయే జాలీ వైపునకు నేల మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున దిగాలి. ఆరడుగుల గదికి ఇది సుమారు ముప్పావు అంగుళం. ఇంత స్వల్పమైన తేడాను కంటితో పోల్చుకోవడం కష్టం. సన్నని ప్లాస్టిక్ గొట్టంలో గాలిబుడగలు లేకుండా నీరు నింపి, దాని సాయంతో నాలుగు గోడల మీదా ఒకే మట్టాన గీత గీయించండి. ఆ గీత నుండి నేల వరకు టేపుతో కొలిస్తే ఎక్కడ గుంట, ఎక్కడ మిట్ట అన్నది అంకెల్లో తేలుతుంది.

తరువాత పాత గచ్చును కర్రతో తట్టి చూడాలి. డొల్లగా మ్రోగిన చోటల్లా పెకలించవలసిందే. గట్టిగా ఉన్న భాగంలో ఉలితో గాట్లు పెట్టించి, దుమ్ము కడిగి, తడిపి, సిమెంటు పాలు పూసి, ఆపైన ఒకటికి నాలుగు పాళ్ళ మాలు వేయాలి. లోతైన గుంటలను ముందే విడిగా పూడ్చి గట్టిపడనివ్వాలి. టైలు కింద మాలు మందంగా వేసి సరిచేద్దామనే మేస్త్రీలు ఉంటారు. ఒకచోట మందంగా, మరొకచోట పలుచగా పడిన మాలు ఆరేటప్పుడు సమంగా కుంచించుకుపోదు. టైలు కింద డొల్ల ఏర్పడుతుంది.

గడప ఎత్తు కూడా చూసుకోవాలి. పాత గచ్చు మీదనే మాలు, టైల్స్ వేస్తే నేల అంగుళానికి పైగా లేస్తుంది. తలుపు నేలకు రాసుకుంటుంది, నీరు పక్క గదిలోకి వస్తుంది. మా ఇంట గడప ఎత్తు చాలకనే మేస్త్రీ మాలు పలుచగా లాగాడు, వాటానికి చోటు లేకపోయింది. అటువంటప్పుడు పాత గచ్చు తవ్వించడమే మార్గం. (క్వార్టర్లలో ఉన్నవారు సివిల్ విభాగం అనుమతి లేనిదే ఈ పని తలపెట్టరాదు.)

మాలును వారం రోజులు తడపాలి. ఆరిన పిమ్మట నీరు ఇంకని పూతను గోడల మీదకు అడుగు ఎత్తు వరకు వేయించి, జాలీ మూసి, ఒక రోజంతా నీరు నిలపండి. మేడ మీది ఇల్లయితే కింది వారి కప్పును వారితో కలిసి పరిశీలించండి. టైల్స్ పరిచేది ఆ తరువాతనే. నున్నటివి వద్దు, గరుకువి తీసుకోండి.

అమ్మగారి చేతికట్టు విప్పకముందే నేలంతా తవ్వించాను. కొత్త మాలు గట్టిపడ్డాక, పూత వేయకముందే, ఆమె గడప ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుని, మేస్త్రీ చేత చెంబుతో నీళ్ళు పోయించి చూశారు. ఒక మూల మళ్ళీ నీరు నిలిచింది. మేస్త్రీ మారుమాట లేకుండా ఆ మూలను చెక్కి తిరిగి వేశాడు.