వంపుల దారిలో చలికాలపు సవారీ

ఈమధ్య మన విద్యార్థుల్లో మోటారు సైకిలు క్లబ్బుల ముచ్చట బాగా పెరిగింది. ఆదివారం తెల్లవారుజామున పదిమందో పదిహేనుమందో కూడి, చలికోట్లు తొడుక్కుని, బుల్లెట్లూ జావాలూ వరుసగా నిలబెట్టి బయలుదేరతారు. ఎక్కడికయ్యా అంటే హంపీకో, గండికోటకో, లేకుంటే బెంగుళూరు పోయే పెద్ద రోడ్డు మీదికో. ఆదోని నుంచి ఆస్పరి మీదుగానైనా, ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్ల మీదుగానైనా ఒక్క పూటలో చేరగలిగిన దేవనకొండ వైపు దారులు మాత్రం వాళ్ళ లెక్కలోకి రావు. రావాలని, అదీ చలికాలంలోనే రావాలని నా వాదన.

అధ్యాపక మిత్రులు కొందరు మొదటే అడ్డు తగులుతారు. చదువుకునే పిల్లలకు పెట్రోలు తగలేసే సరదా ఎందుకంటారు. ఏడాదికొక రోజు సవారీకి అయ్యే పెట్రోలు, కాలేజీ గేటు ముందు ఊరికే చక్కర్లు కొట్టడానికి అయ్యేదానికంటే తక్కువే గనుక ఆ మాటకు జవాబు కష్టం కాదు. కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది.

దేవనకొండ, ఆస్పరి, కోసిగి వైపు పల్లెల్లో చలికాలం వచ్చిందంటే చాలా ఇళ్ళకు తాళాలు పడతాయి. పత్తి తీతకూ మిరప కోతకూ జనం గుంటూరు వైపు పోతారు. దాన్ని ఇక్కడ 'సుగ్గికి పోవడం' అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోత, కోతల పండుగ. అంత సంతోషపు మాట మన పల్లెల్లోకి వచ్చేసరికి, పరాయివాళ్ళ పంట కోయడానికి ఇల్లు విడిచి పోవడం అయి కూచుంది. పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోయేవాళ్ళున్నారు, అవ్వ దగ్గర వదిలిపోయేవాళ్ళున్నారు. అట్లా అవ్వ దగ్గర పెరిగినవాళ్ళు మన తరగతుల్లోనే కూచుని ఉండవచ్చు. ఆ పల్లెలో మోటారు సైకిలుంటే దానిమీద పాలక్యాను పోతుంది, ఎరువు మూట పోతుంది, జ్వరం వచ్చిన బిడ్డ ఆసుపత్రికి పోతుంది. అలాంటి ఊళ్ళోంచి, తాళం వేసిన ఇళ్ళ ముందునుంచి, సైలెన్సరు ఊడబీకిన బండ్లు పదిహేను దడదడలాడుతూ పోతే అది వేడుక అవుతుందా, ఎగతాళి అవుతుందా?

ఎగతాళే అవుతుంది, ఆగకుండా పోతే. అందుకని అసలు పోవద్దనడం నాకు సమ్మతం కాదు. నాలుగు వరుసల రోడ్డు మీద పోయేవాడికి ఈ పల్లెలు పేరుపలక మాత్రమే. బస్సు కిటికీలోంచి చూసేవాడు దిగలేడు. మోటారు సైకిలువాడు ఎక్కడంటే అక్కడ కాలు ఆనించి ఆగగలడు. ఆగితే, అరుగు మీద ముసలాయన "ఏమప్పా, యాడికి పోతాండారు ఇంతమంది? పెండ్లికా?" అని అడగక మానడు. అక్కడ అరగంట కూచుంటే ఆ ఏడు ఎంతమంది సుగ్గికి పోయినారో, టమోటా గంప పత్తికొండ మార్కెట్లో ఎంతకు పోయిందో, శనగ ఎట్లుందో తెలుస్తుంది. మన అర్థశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఆ సంగతులు ఎటూ లేవు.

ఇక దారి సంగతి. పల్లె దారులు చాలావరకు పాత బండిబాటలు. గట్టు అడ్డమొస్తే గట్టు పక్కన, వంక అడ్డమొస్తే లోతు తక్కువున్న చోటికి తిరిగినవే. తారు పడింది గాని వంపు పోలేదు. వేగం రెండింతలైతే వంపు తిరగడానికి టైరుకు కావలసిన పట్టు నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల మీద పోయేవాడు, బ్రేకు నొక్కాలని తోచే ఒక్క సెకనులోనే సుమారు 17 మీటర్లు పోయి ఉంటాడు. కొర్రో, కందో చక్రాల కింద నలగాలని రోడ్డు మీద పరిచి ఉండవచ్చు. గొర్రెల మంద దాటుతూ ఉండవచ్చు. రోడ్డు మీద పంట ఆరేయడం తప్పే, ప్రమాదమే. కాని కళ్ళమో సిమెంటు గచ్చో లేని రైతుకు నీతి చెప్పేముందు మనం 40కి తగ్గడం సులువు.

'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడిన టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండులో ఇలాంటి పల్లెదారిలోనే, పల్లంలో కనబడకుండా వచ్చిన ఇద్దరు సైకిలు కుర్రవాళ్ళను తప్పించబోయి పడి ఆరు రోజులకు మరణించాడు. ఆయనకు చికిత్స చేసిన డాక్టరు హ్యూ కెయిర్న్స్ తలగాయాల మీద పరిశోధన చేసి 1941లో ప్రచురించాడు. హెల్మెట్ వాడకానికి అది పెద్ద బలమయింది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలవాళ్ళే. కాబట్టి హెల్మెట్ లేనివాణ్ణి, వెనక కూచునేవాడైనా సరే, క్లబ్బు గేటు దాటనివ్వకూడదు. క్లబ్బులో ఆడపిల్లలుండవచ్చా అని ఒకరు నన్నడిగారు. ఆశా కార్యకర్తలూ పంతులమ్మలూ స్కూటీల మీద రోజూ తిరిగే దారులివి. ప్రశ్నే వింతగా ఉంది.

దేవనకొండ నుంచి పత్తికొండ, అక్కడి నుంచి గుత్తి రోడ్డు మీద ఎర్రగుడి - ఇదీ నేను సూచించే దారి. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు కలెక్టరుగా ఉండి, గుర్రం మీద ఊరూరూ తిరిగిన థామస్ మన్రో, గవర్నరుగా చివరి పర్యటనకు వచ్చి 1827 జూలై 6న కలరాతో పోయింది ఈ పత్తికొండలోనే. ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి, ఎద్దులు సాలు తిరిగినట్టు. చదవబోతే మెడ తిప్పుకోవలసిందే. దాని ముందు ఫోటోలు దిగండి, బండ మీద మాత్రం పేర్లు చెక్కకండి.

టౌను నుంచి పొట్లాలు కట్టుకుపోవద్దు. ఉగ్గాని బజ్జీ దారిలోని హోటల్లోనే తినండి, ఆ నాలుగు డబ్బులు అక్కడే పడనివ్వండి. మంచు విడిచాక ఏడున్నరకు బయలుదేరి, సాయంత్రం అయిదుకల్లా తిరుగుదారి పట్టాలి. చీకటి పడితే వెనక దీపం లేని ట్రాక్టర్లూ, కంది కుప్పల చుట్టూ పెట్టిన రాళ్ళూ కనబడవు. విద్యార్థి సంఘం వచ్చే డిసెంబరులో తేదీ ప్రకటిస్తే నా పాత బండి వేసుకుని నేనూ వస్తాను. వరుసలో అందరికంటే ముందు నన్ను ఉంచితే 40 దాటే ప్రమాదం ఎవరికీ ఉండదు.