గరుకు గొంతుకూ ఒక గౌరవం ఉంది
(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం)



మన హాస్టల్ వార్షికోత్సవాల్లో ఏటా జరిగేది ఒక్కటే. సౌండ్ బాక్సులు తెస్తారు, సినిమా పాట పెడతారు, పిల్లలు డాన్సు వేస్తారు. అది తప్పని నేను అనను. కానీ ఎవరైనా గరుకు గొంతుతో సొంతంగా పాడబోతే ‘శ్రుతి లేదు’ అని దించేస్తారు. పలక పట్టుకొస్తే ‘అది చావు మేళం, స్టేజీ మీదికి వద్దు’ అంటారు. నా అభ్యంతరం అక్కడే.

నునుపుగా ఉంటేనే సంగీతమా? జపాన్‌లో ఈస్టర్న్ యూత్ అనే బ్యాండు ఉంది. 1988లో ఉత్తరాన ఉన్న సప్పోరో నగరంలో మొదలైంది. ఉండేది ముగ్గురే. యోషినో హిసాషి గిటారు వాయిస్తూ పాడతాడు. పాడతాడు అనడం కన్నా గొంతు చించుకుంటాడు అనాలి. ఇంగ్లీషు కోసం పాకులాడకుండా తన జపాను భాషలోనే పాడతాడు. 2015లో బేస్ గిటారు వాయించే మనిషి మారినా బ్యాండు ఆగలేదు. చేతకాక అరిచేవాళ్ళయితే ముప్పై ఏళ్ళకు పైగా జనం వింటారా? ఆ గరుకుదనం వాళ్ళు కావాలని ఎంచుకున్నది. మాట తెలియకపోయినా మనిషి లోపలి బాధ వినేవాడికి తెలిసిపోతుంది.

అంత దూరం ఎందుకు? గద్దర్‌ను తీసుకోండి. 1972లో మొదలైన జననాట్యమండలిలో ఆయన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, పక్కన డప్పు తప్ప వేరే హంగులు పెట్టుకోలేదు. 1997లో ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో మిగిలిపోయిన తూటాతోనే 2023లో కన్నుమూసేదాకా పాడారు. ఆ గొంతును ఏ సంగీత కళాశాల తయారు చేయలేదు.

ఇక మన పలక. గుండ్రటి చట్రానికి తోలు బిగిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాచుతారు. తేమ పట్టిన తోలు వదులై మొద్దుగా పలుకుతుంది. వేడికి తేమ పోయి తోలు బిగుస్తుంది, శబ్దం ఖంగుమంటుంది. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్న పుల్ల. జాతరకు ఒక దెబ్బ, పెళ్ళికి ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ. ఇది విద్య కాదని ఎవరనగలరు?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా తాత పలక కొట్టేవాడు. మా నాయన దాన్ని అటక మీద పెట్టేసి, ‘నువ్వు మాత్రం ఇది ముట్టుకోవద్దు, చదువుకో’ అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. చావు కబురు రాగానే ఏ పనిలో ఉన్నా లేచి పోవాలి, ఇచ్చినంత తీసుకోవాలి, దూరంగా నిలబడాలి. అది కళ కాదు, వెట్టి. కులం పేరుతో నెత్తిన పెట్టిన ఇలాంటి పనులు మానుకొమ్మని అంబేద్కర్ ఊరికే చెప్పలేదు. తమిళంలో పలకను పరై అంటారు. దాని మీద ఒక కులానికి పేరొచ్చింది. ఆ కులం పేరు నుంచే ఇంగ్లీషులో వెలివేసినవాడు అనే అర్థంతో పరియా అన్న మాట పుట్టింది. ఒక వాయిద్యం పేరు తిట్టుగా మారిందంటే ఎంత అవమానం!

అయితే మన గొడవ వెట్టితోనా, తోలుతోనా? మనం వదలాల్సింది బలవంతాన్ని. దాంతోపాటు విద్యను కూడా పారేస్తే నష్టపోయేది మనమే. పక్క రాష్ట్రాలు చూడండి. చిక్కబళ్ళాపురం జిల్లాకు చెందిన తమటె కళాకారుడు పిండిపాపనహళ్ళి మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ వచ్చింది. తమిళనాడులో పరై గురువు వేలు ఆసాన్‌కు 2025లో వచ్చింది. చెన్నైలో 2017లో ఏర్పడిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బ్యాండు పరైను గిటారు పక్కన నిలబెట్టింది. బిరుదులతో అంతా మారిపోతుందని నేను నమ్మను. ఢిల్లీలో పద్మశ్రీ ఇచ్చినా, ఊళ్ళో పలక కొట్టే మనిషికి కుర్చీ వేసినప్పుడే అసలు గౌరవం.

1919లో ఠాగూర్ మన మదనపల్లె కాలేజీలోనే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాశారు. ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటాం. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలో మోగే పలక గురించి కూడా అంత గర్వంగా ఎందుకు చెప్పుకోకూడదు?

కాబట్టి నా సూచన ఇది. వచ్చే వార్షికోత్సవంలో పావుగంట పలకకు, సొంత గొంతు పాటకు ఇవ్వండి. నేర్పే పెద్దాయనను పిలవండి, కుర్చీ వేయండి, సౌండ్ బాక్సులకు ఇచ్చినట్టే ఆయనకూ డబ్బులివ్వండి. ‘నీ కులం వాళ్ళదే కదా, నువ్వు కొట్టు’ అని ఎవరినీ అనవద్దు. ఇష్టమున్న వాళ్ళు ఏ కులమైనా, ఆడపిల్లలైనా నేర్చుకోవాలి. ఇష్టం లేనివాళ్ళకు వద్దనే హక్కు ఉండాలి. ఆ హక్కు మా తాతకు లేదు. మీకు ఉంది. అందుకే మీరు కొడితే అది వెట్టి కాదు, సంగీతం.

జై భీమ్!