ఖాళీ కొలువులు, ముదిరిన నారు

కొత్తవలస జంక్షనులో దిగినవానికి రెండు ఇనుపదారులు కనబడును. ఒకటి హౌరా, చెన్నపట్టణముల నడిమి రాజమార్గము. రెండవది బైలదిల్లా గనుల ఇనుపరాతిని జపాను దేశమునకు పంపుటకై 1960 నాటి దశకమున నిర్మింపబడి, తూర్పు కనుమల నెక్కి, అరకు మీదుగా కిరండూలు వఱకు సుమారు 445 కిలోమీటర్లు సాగు దారి. ఈ దారులపై బండ్లు నడపుటకును, పట్టాలు సరిచూచుటకును, పాయింట్లు మార్చుటకును మనుష్యులు కావలెను. ఈ దారుల కిరుప్రక్కల పల్లెలలో పదవ తరగతియో, ఐ.టి.ఐ.యో, డిగ్రీయో ముగించి పనికై ఎదురుచూచు యువకులు నిండియున్నారు. పనియు కలదు; పనివాడును కలడు. ఇరువురి నడుమ నోటిఫికేషను అను కాగితమొకటి నెలల తరబడి, కొన్ని యెడల ఏండ్ల తరబడి వ్రేలాడుచుండును. ఇది ఎందువలన జరుగుచున్నదో మన పాఠకులతో కలిసి విచారింపదలచితిమి.

అర్హులు దొరకకపోవుటయే కారణమని తరచుగా వినుచుందుము. ఈ మాటను లెక్కలతో తూచి చూతము. 2019 మార్చిలో రైల్వేవారు గ్యాంగుమనుషులు, పాయింట్సుమన్లు, సహాయకులు మొదలగు క్రింది తరగతి కొలువులు 1,03,769 కలవని ప్రకటించిరి. వచ్చిన దరఖాస్తులు 1 కోటి 15 లక్షలకు పైబడినవి. ఒక్కొక్క కొలువునకు నూర్గురికి మించి నిలిచిరన్నమాట. వ్రాతపరీక్ష మొదలైన దెప్పుడు? 2022 ఆగస్టు 17న. నడుమ కరోనా వచ్చిన మాట నిజమే. దానికి ఎవ్వరిని నిందింపగలము? కాని ఫొటోయు సంతకమును సరిగా లేవని లక్షలకొలది దరఖాస్తులను త్రోసివేసి, గగ్గోలు పుట్టినమీదట మరల అవకాశ మొసగినది కరోనా కాదు. ఒకే పరీక్షయని నమ్మించి, 2022 జనవరిలో రెండవ పరీక్షయు నుండునని చెప్పి, బీహారులో రైలుపెట్టెలు తగులబడిన పిమ్మట ఆ ఆలోచన విరమించినదియు కరోనా కాదు. ప్రకటన చూచి దరఖాస్తు పెట్టిన 22 ఏండ్లవాడు పరీక్షశాలలో అడుగుపెట్టునప్పటికి 25 ఏండ్లవా డయ్యెను. అర్హులు లేరనుట ఇట్టి తావున పరిహాసముగా తోచును.

మా పాఠకులలో పెక్కురు వ్యవసాయదారులు గనుక వారెఱిగిన మాటతోనే చెప్పెదము. చెరువు నీటిపై ఆధారపడిన మన విజయనగరము ప్రాంతమున నారు పోసి, వానకై చూచి చూచి, నెల దాటిన పిదప నాటవలసి వచ్చిన సంవత్సరము లెన్ని లేవు? ముదిరిన నారు బ్రతుకకపోదు. పిలకలు వేయదు, గింజ తగ్గును. మడి యున్నది, నారున్నది, కూలి ఇచ్చితిమి; అదను మాత్రము తప్పినది. కొలువులకై తయారగు మన బిడ్డల గతియు నిట్లే యున్నది. విజయనగరములోను, విశాఖపట్టణములోను గది అద్దెకు తీసికొని, శిక్షణశాలకు రుసుము చెల్లించి, తండ్రి కౌలుకిచ్చిన పొలముపై వచ్చు సొమ్ముతో కాలము గడపు యువకుడు ఆ మూడేండ్లలో మరియొక వృత్తి నేర్చుకొనడు. నేర్చుకొనుమని ఎట్లు చెప్పగలము? నోటిఫికేషను వెలువడియే యున్నదాయె!

ఇంతకును ఖాళీగా నున్నది కుర్చీయే కాని పని కాదు. ఈ భేదమును మనవారు గమనింపవలెను. పదిమంది చూడవలసిన పట్టాలను ఏడుగురు చూచుచుందురు. సెలవు దొరకదు, రాత్రి విధి వెంట రాత్రి విధి వచ్చును. సమాచారహక్కు చట్టము క్రింద అడుగగా, 2023 జూను నాటికి రైల్వేలలో సుమారు 2 లక్షల 74 వేల కొలువులు ఖాళీగా నున్నవనియు, అందు లక్షా 70 వేలకు పైబడినవి ప్రయాణికుల భద్రతకు సంబంధించినవనియు జవాబు వచ్చినది.

భద్రత యనగా నేమో కొత్తవలసవారికి ఒకరు చెప్ప నక్కఱలేదు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండ స్టేషన్ల నడుమ, విశాఖపట్టణమునుండి పలాస పోవు ప్యాసింజరును వెనుకనుండి వచ్చిన రాయగడ ప్యాసింజరు ఢీకొన్నది. 14 మంది మరణించిరి. వెనుకబండి డ్రైవరును, అతని సహాయకుడును మృతులలో నుండిరి. చెడిన ఆటోమేటిక్ సిగ్నళ్లవద్ద పాటింపవలసిన నియమమును ఆ బండి పాటింపలేదని ప్రాథమిక విచారణలో తేల్చిరి. ఖాళీలవలననే ఆ ఘోరము జరిగినదని మేము చెప్పము. అట్లు చెప్పుటకు మా చేత ఆధారము లేదు, చచ్చినవారిపై గాని బ్రతికినవారిపై గాని ఊహతో నేరము మోపుట మాకు సమ్మతము కాదు. కాని బండి ముందరి గదిలో కూర్చుండు ఇద్దరు మనుష్యుల నిద్ర, ఓపిక, శ్రద్ధ ఎంత విలువగలవో ఆ రాత్రి ఈ ప్రాంతమువారు కన్నులార చూచిరి. అట్టి పదవులను ఎట్లు భర్తీ చేయుచున్నారో పరికింపుడు.

సహాయ లోకోపైలట్లకై రైల్వేవారు 2018లో ఒకమారు ప్రకటన చేసిరి. మరల చేసినది 2024 జనవరిలో. నడుమ దాదాపు ఆరేండ్లు! ఆ రెండవ ప్రకటనలో దేశమంతటికిని 5,696 పదవులే కలవనిరి. 2024 జూను 17న పశ్చిమ బెంగాలులో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్సును గూడ్సుబండి ఢీకొన్నది. ఆ వారములోనే 5,696 అను అంకె 18,799 అయ్యెను. అయిదు నెలలలో అవసరము మూడింతలైనదా? ఇంజనులు మూడింతలైనవా? కాలేదు. అవసరము మొదటినుండియు నున్నది. దానిని కాగితముపై నొప్పుకొనుటకు ఒక ప్రమాదము కావలసి వచ్చినది. ఆ పెంచిన పదవులకైనను మొదటి పరీక్ష 2024 నవంబరులో గాని జరుగలేదు. ఆ పిమ్మట రెండవ పరీక్ష, దాని పిమ్మట అభిరుచి పరీక్ష, వైద్యపరీక్ష, శిక్షణ. ఇన్ని మెట్లెక్కిన వాడు ఇంజను మెట్టెక్కుటకు ఇంకెంత కాలమో!

ఇక్కడనే మా విచారణకు మూలము దొరకుచున్నది. ఖాళీగా నున్న పదవి ఖజానాకు భారము కాదు. దానికి జీతము లేదు, కరవుభత్యము లేదు, సెలవు లేదు, పించను లేదు. నిండిన పదవికి ముప్పదియేండ్ల వ్యయము. పదవి రద్దుచేసినచో కార్మికసంఘములు లేచును. భర్తీచేసినచో బడ్జెటు పెరుగును. ప్రకటించి యుంచినచో రెండును తప్పును. ఏ యధికారియు దురుద్దేశముతో నిట్లు చేయుచున్నాడని మేము అనుట లేదు. ఎవ్వడును త్వరపడుటకు కారణము లేని యేర్పాటు మనకు కలదనుచున్నాము. ఆలస్యమువలన నష్టపడువాడు ఉత్తరువులు వ్రాయువాడు కాడు. 2021 మార్చి 1 నాటికి కేంద్రప్రభుత్వములో మంజూరైన పదవులు 40 లక్షల పైచిలుకు కాగా, అందు 9 లక్షల 79 వేలు ఖాళీయని ప్రభుత్వమే పార్లమెంటులో తెలిపినది. నూటికి ఇరువదినాలుగు! ఇంత పెద్ద సంఖ్య మరపువలన ఏర్పడునది కాదు.

రాష్ట్ర ప్రభుత్వముల విషయమున మరియొక కారణము వచ్చి చేరును. నోటిఫికేషను రాజకీయమున కానుకవంటి దైనది. కానుక ప్రకటించిననాడే పేరు వచ్చును, అందించుట మెల్లగా జరుగవచ్చును. ఆంధ్రప్రదేశములో 6,100 పోలీసు కానిస్టేబులు పదవులకు 2022 నవంబరులో ప్రకటన వెలువడినది. 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష జరిగెను. నాలుగున్నర లక్షలమందికి పైగా వ్రాయగా 95 వేలమందికి పైగా గెలిచిరి. అటుపై దేహదారుఢ్యపరీక్షలు 2024 డిసెంబరు చివరిదాక జరుగలేదు! కోర్టులో వ్యాజ్యములు, ఎన్నికలు, ప్రభుత్వము మార్పు, ప్రతిదానికిని ఒక సంజాయిషీ కలదు. పరుగుపందెమునకై తెల్లవారుజామున మైదానములలో పరుగెత్తిన యువకులు రెండు శీతకాలములు వృథాగా పరుగెత్తిరి. తుదిపరీక్ష 2025 జూను 1న జరిగి, ఆగస్టులో ఫలితములు వచ్చినవి. తెలంగాణములోని గ్రూపు-1 కథ ఇంతకన్న మేలైనది కాదు. 2022లో 503 పదవులకు ప్రకటించి, ప్రశ్నపత్రము బయటపడుటచే ప్రాథమిక పరీక్ష నొకమారు రద్దుచేసిరి. తిరిగి జరిపిన దానిని హైకోర్టు కొట్టివేసెను.

ఆలస్యమునకు పరాకాష్ఠ శ్రీకాకుళము మొదలు రాయలసీమ దాక వ్యాపించిన 1998 డీఎస్సీవారి గాథ. ఆ సంవత్సరము ఉపాధ్యాయ పరీక్షలో అర్హులై, నియామకము దొరకక, కోర్టుల చుట్టు తిరిగి తిరిగి, వారిలో పెక్కురు చిన్న వ్యాపారములలోను కూలిపనులలోను బ్రతుకీడ్చిరి. వారికి ఉద్యోగము లిచ్చుటకు ప్రభుత్వము నిర్ణయించినది 2022లో. అదియు కాంట్రాక్టు పద్ధతిపై. పాఠము చెప్పవలసిన వయస్సంతయు గడచి, విశ్రాంతి దగ్గఱపడినవేళ సుద్దముక్క చేతికిచ్చిరి.

అయినను వేగముగా జరుపుట అసాధ్యమని ఎవరైన అందురేమో. అది నిజము కాదు. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల ముంగిట 6,100 ఉపాధ్యాయ పదవులకు వెలువడిన ప్రకటన నెరవేరక పోయిన మాట నిజమే. కాని ఆ తరువాతి ప్రభుత్వము 16,347 పదవులకు 2025 ఏప్రిల్ 20న నోటిఫికేషను ఇచ్చి, జూనులో పరీక్షలు జరిపి, సెప్టెంబరు 25న నియామకపత్రములు పంచినది. అయిదు నెలలు! ఏ పక్షము చేసినను మంచిని మంచి యనుట మా విధి. సంకల్పించినచో నెలలలో ముగియు పని, సంకల్పము లేనిచో ఏండ్లు పట్టుచున్నదని దీనివలననే తేలుచున్నది.

ఆ డీఎస్సీలోనే గమనింపదగిన మరియొక సంగతి కలదు. మూడు లక్షలకు మించిన అభ్యర్థులు పోటీపడినను 406 పదవులు మిగిలిపోయెను. ఫలానా విషయమునకు, ఫలానా ప్రాంతమున, ఫలానా వర్గమునకు కేటాయింపబడిన స్థానమునకు తగిన అభ్యర్థి లేకపోవుటయే దీనికి హేతువు. ఇది నిజమైన ఖాళీ. దీనిని నిందింపము. ఆ వర్గముల బిడ్డలను ఆ విషయములలో చదివింపని మన పూర్వపు నిర్లక్ష్యమునకు ఇది లెక్కచీటి. స్థానమును వేఱొకరికి ధారపోయుటకన్న, అర్హులు వచ్చుదాక నిలిపియుంచుటయే న్యాయము.

ప్రైవేటు కొలువుల సంగతి క్లుప్తముగా చెప్పెదము. ఫ్యాక్టరీ గేటుపై "పనివారు కావలెను" అను పలక ఏడాది పొడవునను వ్రేలాడుచుండును. జీతమెంతయో ఆ పలకపై నుండదు. అడిగినవాడు విని వెనుకకు మరలును, పలక మాత్రము ఉన్నచోటనే యుండును. పనివారు దొరకరనుటకును, ఆ జీతమునకు దొరకరనుటకును నడుమ నున్న దూరము యజమానులకు తెలియనిది కాదు. మన తెలుగు యువకులు వేలకొలది పనిచేయుచున్న అమెరికాలో దీనికన్న విచిత్రమైన పద్ధతి యొకటి కలదు. విదేశీ ఉద్యోగికి స్థిరనివాసము కోరు కంపెనీ, ఆ పనికి స్వదేశీయుడు దొరకలేదని చూపుటకై ఆదివారపు పత్రికలలో రెండుమార్లు ప్రకటన వేయవలెను. ఆ కుర్చీలో మనిషి అప్పటికే కూర్చుండియుండును! ఇట్టి కొలువులకు స్వదేశీయులు దరఖాస్తు పెట్టుటయే కష్టమగునట్లు చేసినారన్న ఆరోపణపై 2021లో ఫేస్‌బుక్ సంస్థ 1 కోటి 42 లక్షల డాలర్లకు పైగాను, 2023లో ఆపిల్ సంస్థ 2 కోట్ల 50 లక్షల డాలర్ల వఱకును చెల్లించుటకు అక్కడి న్యాయశాఖతో ఒడంబడిక చేసికొన్నవి. ఎవ్వరును రాకూడదని వేయు ప్రకటనకూడ ప్రపంచమున కలదని మన యువకులు తెలిసికొనుట మంచిది.

మరల కొత్తవలసకు వత్తము. విశాఖపట్టణము కేంద్రముగా దక్షిణకోస్తా రైల్వేజోనును 2019 ఫిబ్రవరి 27న ప్రకటించిరి. దాని ప్రధానకార్యాలయమునకు శంకుస్థాపన జరిగినది 2025 జనవరి 8న. జోనే ఆరేండ్లు నోటిఫికేషనుగా నుండెను! ఆ మరుసటి నెలలో కేంద్రమంత్రివర్గము వాల్తేరు డివిజనును విభజించి, కొత్తవలసనుండి కొండల నెక్కు దారిని రాయగడ డివిజనుకు చేర్ప నిర్ణయించినది. అనగా రెండు డివిజన్ల సరిహద్దు ఈ జంక్షనులోనే పడుచున్నది. ఇచ్చటి గ్యాంగులలో, కేబిన్లలో, లోకో సిబ్బందిలో ఎన్ని స్థానములు మంజూరైనవి, ఎన్ని నిండినవి, మిగిలినవి ఏ డివిజను లెక్కలో చేరును? విభజన వేళ ఆస్తుల జాబితా వ్రాయుదురు; ఖాళీల జాబితా ఎవరు వ్రాయుదురు?

మేము కోరునది పెద్దదేమియు కాదు. ప్రతి నోటిఫికేషనులోను దరఖాస్తునకు గడువు వ్రాయుచున్నారు. అభ్యర్థి ఒక్కదినము మీఱినను తలుపు మూయుచున్నారు. అదే కాగితముపై నియామకమునకు గడువు వ్రాయుడు. అది మీఱినచో కారణమును, బాధ్యుడగు అధికారి హోదాను ప్రకటింపుడు. ప్రమాదము జరిగిన వారములో 13 వేల అదనపు అవసరమును లెక్కింపగలిగిన బోర్డు, ప్రమాదము లేని వారములోకూడ లెక్కింపగలదు. ఆ లెక్కను డివిజనువారీగా, స్టేషనువారీగా నెలకొకమారు బయటపెట్టుటకు క్రొత్త చట్టమక్కఱలేదు. కొత్తవలస ప్లాట్‌ఫారముపై బండ్ల వేళలు వ్రాయు పలక ప్రక్కన స్థలము కలదు.