పాత కంప్యూటర్ నుంచి ఏం తెచ్చుకోవాలి?

విండోస్ 10కి మామూలు మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత యంత్రాలను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అందుకే ఇంకా బాగానే నడుస్తున్న కంప్యూటర్లను కూడా చాలామంది మార్చుకోవాల్సి వస్తోంది. అలాంటప్పుడు పాతదాంట్లో ఉన్నదంతా తెచ్చుకోవాలా, కావలసినవి ఏరి తెచ్చుకోవాలా?

అంతా తెచ్చుకోవాలనేవారి మాటలో బలముంది. ఏది ఎప్పుడు అవసరపడుతుందో ముందుగా తెలియదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కాపీ చేసి పనైపోయిందనుకుంటాం. కానీ అవుట్‌లుక్ మెయిళ్లు యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్లో ఉండొచ్చు. టాలీ లెక్కలు దాని సొంత డేటా ఫోల్డర్లో, ఫాంట్లు విండోస్ ఫోల్డర్లో ఉంటాయి. ఏరుకునేవాడి కంటికి ఇవి ఆనవు.

ఏరుకోవాలనేవారిదీ కొట్టిపారేసే మాట కాదు. ఒకే ఫొటో నాలుగు చోట్ల ఉంటుంది. ఎక్కడెక్కడి నుంచో దింపుకున్న సెటప్ ఫైళ్లతో వైరస్‌లూ వెంట రావచ్చు. పైగా ప్రోగ్రాం ఫోల్డర్‌ను కాపీ చేసినంత మాత్రాన చాలా ప్రోగ్రాములు నడవవు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

తెలుగులో రాసేవారికి, పుస్తకాలు వేసేవారికి ఈ రెండు వాదాలూ చాలవు. మన పుస్తకాలు, పత్రికలు ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైల్లో ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాల మీద ఫాంటు తెలుగు రూపాలను చూపిస్తుంది. ఫాంటు లేని కొత్త కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు చెక్కుచెదరకుండా వచ్చినా నవల రాలేదన్నమాట. పేజ్‌మేకర్ 2001 నాటి 7.0తోనే ఆగిపోయింది. దాని ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు తెరిచేది, తర్వాతి వెర్షన్లు తెరవవు.

కాబట్టి ఆ ఫైళ్లను కాపాడుకునే పని పాత కంప్యూటర్ బతికుండగానే జరగాలి. ప్రతి పుస్తకానికీ ఫాంట్లతో సహా ఒక పీడీఎఫ్ తీసుకోవాలి. మ్యాటర్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్పిడిలో ఒత్తులు, గుణింతాలు తారుమారవుతాయి గనక ప్రూఫు మళ్లీ చూడక తప్పదు. ఇది పెద్ద చాకిరీయే. కానీ ఒక రచయిత ముప్పయ్యేళ్ల రాత దక్కడమా పోవడమా అన్నది దీనిమీదే ఆధారపడి ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఎలా తేవాలన్నది అంత చిక్కు కాదు. గూగుల్ తన క్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫొటోలు కూడా సర్దుకోవాలి. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో 100 జీబీ ఎక్కించడానికి పదకొండు గంటలు దాటుతుంది. యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టర్నల్ డిస్క్‌కైతే అన్నే జీబీల పెద్ద ఫైళ్లు అరగంటలో ఎక్కేస్తాయి, చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే మరికాస్త ఆలస్యం. డిస్క్ ఎఫ్ఏటీ32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. మామూలు కాపీలో ఫైలు చివరిసారి మారిన తేదీ నిలుస్తుంది, తయారైన తేదీ మాత్రం కొత్తదవుతుంది. అయితే డిస్క్ పాడైతే అంతా పోతుంది, అక్కడ క్లౌడ్‌దే పైచేయి. ముఖ్యమైనవి రెండు చోట్లా ఉండాలి.

నా మటుకు, అంతా డిస్క్‌లోకి, ఏరినవి కొత్త కంప్యూటర్లోకి అన్న పద్ధతే సరైనది. పాతదాన్ని అమ్మేసే ముందు, ఇంటర్నెట్‌కు కలపకుండా కొన్ని నెలలు అట్టే పెట్టండి. ఈలోగా మీ పాత తెలుగు ఫైళ్లు కొత్త యంత్రంలో తెరుచుకోవడమే కాదు, చదవడానికి వస్తున్నాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి.