ముందు పద్దు చదవమనండి

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ కింద ఏయే పనులు కావాలో జనం చెప్పారు, అధికారులు రాసుకున్నారు. మంచి పనే. అయితే గ్రామసభ అంటే మనకు అర్జీల సభగానే అలవాటైపోయింది. కావలసినవి రాసిచ్చి ఇంటికి వచ్చేస్తాం; పోయినసారి వచ్చిన డబ్బు ఏమైందని అడగం, అడిగినా చెప్పేవాళ్లు తక్కువ. పల్లెల్లో పైసా నిలవకపోవడానికి నిధుల కొరతే కారణమని నాయకులంతా అంటారు. కొరత ఉన్న మాట నిజమే. కానీ ఊరి డబ్బు ఊరి కళ్లముందు ఖర్చు కాకపోవడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. మద్యం మానేసిన ఊరిగా, శుభ్రమైన ఊరిగా పత్రికల్లో చాలాసార్లు కనిపించిన పేరే. నాకు మాత్రం ఆ ఊళ్లో ఇంటి పన్ను నూటికి నూరు శాతం వసూలు కావడం అన్నిటికంటే పెద్ద విశేషంగా తోస్తుంది. మంచినీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ అంటూ పనులు పంచుకున్నారు, సభ్యులంతా ఊరివాళ్లే. నీటి శుద్ధికి బాల వికాస సంస్థ తోడు నిలిచినా, రోజూ నడుపుకొనే భారం ఊరే మోస్తుంది. పన్ను కట్టినవాడు నల్లా రాకపోతే ఊరుకోడు. ఊరుకోడని తెలిసిన పంచాయతీ కునుకు తీయదు.

ఇలా అడగడంలోంచి పుట్టే నమ్మకం వ్యాపారంగా మారితే ఎలా ఉంటుందో తెలియాలంటే ముల్కనూరు వైపు చూడాలి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో అక్కడ మొదలైన సహకార సంఘం అప్పులిచ్చి ఊరుకోలేదు. విత్తనాలు, ఎరువులు అమ్మింది, పండిన పంట కొంది, మిల్లులు నడిపింది. అదే గడ్డ మీద 2000లో మహిళల పాల డెయిరీ వచ్చింది. సరిగా నడిచే ఏ పాలకేంద్రం దగ్గరైనా పొద్దున్నే పది నిమిషాలు నిలబడితే విషయం బోధపడుతుంది. పాలు పోయడానికి వచ్చిన మహిళ క్యాను దించుతుంది. పాలు కొలుస్తారు, చిన్న సీసాలోకి కాసిని తీసి వెన్న శాతం చూస్తారు, ఎన్ని లీటర్లు, ఎంత శాతం, ఎంత ధర అన్నది ఆమె ఎదుటే చీటీ మీద రాసిస్తారు. అనుమానముంటే అక్కడే అడుగుతుంది. పూటకోసారి చొప్పున ఏడాదికి ఏడొందల పైచిలుకు సార్లు లెక్క తేలాక, డెయిరీని నమ్మమని ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో గేదెకు అప్పు తీసుకోవడానికి ఆమె వెనకాడదు. మన పంచాయతీ ఏడాదికి ఎన్నిసార్లు ఇలా చీటీ రాసిస్తోంది?

చట్టం ఇవ్వనిదేమీ లేదు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 అంశాలు అప్పగించవచ్చంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. అందులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలన్న షరతు పెట్టింది. షరతులను తప్పుపట్టను. కానీ 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద జమైపోయాయి, ఖాతా ఖాళీ అయ్యాకే తమకు తెలిసిందని సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి నిజమే కావచ్చు; ఊరి సొమ్ముతో తీర్చేటప్పుడు ఊరితో ఒక మాట చెప్పాలి కదా. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసిన పంచాయతీలకు 2025 డిసెంబరులో గానీ ఎన్నికలు జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే దిక్కు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం గ్రాంట్లు ఆగాయి. ఇన్ని చూశాక కూడా ఇంటి పన్ను ఎగ్గొట్టేవాణ్ని తిడితే ఏం లాభం?

అయితే డబ్బూ లెక్కా ఊరికి వదిలేస్తే ఊరు పెత్తందార్ల పాలవుతుందన్నది మొదటి అభ్యంతరం. కొట్టిపారేయదగింది కాదు. సర్పంచ్ పదవిని వేలం పాడిన ఊళ్లున్నాయి. నిజామాబాద్ ప్రాంతంలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను వెలివేసి, జరిమానాలు వేసి పోలీసు కేసుల దాకా వెళ్లాయి. ఆ కమిటీలకూ డబ్బుంది, ఐకమత్యం ఉంది; పద్దు మాత్రం నలుగురైదుగురి గుప్పిట్లో ఉంటుంది. ఇది నా వాదనకు ఎదురు సాక్ష్యం కాదు, దన్నే. వెలివాడ మనిషి లేచి అడిగినా సమాధానం చెప్పవలసిన చోటు గ్రామసభ ఒక్కటే; చావడి కాదు, గుడి మండపం అంతకన్నా కాదు. అధికారులు గట్టిగా అజమాయిషీ చేస్తే చాలదా అన్నది మరో మాట. తెలంగాణ 2018 చట్టం ఆ దారే పట్టి, సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్ చేతికిచ్చింది. అప్పుడు సర్పంచ్ చూపు మండలాఫీసు వైపే ఉంటుంది, వీధి వైపు ఉండదు. ఇక చిన్న ఊళ్లో పన్ను ఎంతొస్తుందంటారా, ఎక్కువ రాదు. దాంతో ఫ్యాక్టరీలు కట్టలేం. కట్టినవాడికి అడిగే నోరు వస్తుంది, అది చాలు.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త యాప్ అసలే వద్దు. వసూలైన పన్ను, వచ్చిన గ్రాంటు, చేసిన ఖర్చు పంచాయతీ గోడ మీద తెలుగులో, అందరికీ కనబడే అక్షరాల్లో నెలనెలా రాయాలి. పొదుపు సంఘంలో సంతకాలు చేసి లెక్కలు చూసుకుంటున్న ఆడవాళ్లను ఆ పని తనిఖీ చేయమంటే కార్యదర్శికి చెమటలు పడతాయి, పట్టనీయండి. ఈసారి గ్రామసభకు దండోరా వేసినప్పుడు వెళ్లండి. కొత్త సీసీ రోడ్డు అడగబోయే ముందు నిరుటి జమాఖర్చులు చదవమనండి. చదివేదాకా తీర్మానాల పుస్తకం మీద సంతకం పెట్టకండి.